మగాళ్ళ వ్యాయామాలు: ఆరు నెలలకి ఏం వస్తుంది, ఏం రాదు

మిర్చి గురించో డ్రిప్పు గురించో చదువుదామని ఈ పేజీకి వచ్చినోళ్ళు ఇవ్వాళ్టికి కాస్త సర్దుకోండి. ఇది మన ఒంటి సంగతి, అందులోనూ మగవాళ్ళు పైకి మాట్లాడుకోని సంగతి. పోస్టు పెద్దది. పిల్లలు పక్కన లేనప్పుడు చదవండి.

మన చిన్నప్పుడు ఈ వ్యాపారం రోడ్డు పక్కన డేరాల్లో ఉండేది. సీసాల్లో వేళ్ళు, నూనెలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్క గోడల మీద సున్నంతో రాసేవాళ్ళు. ఇప్పుడు గోడ మన జేబులోకే వచ్చింది. రాత్రి పది దాటాక ఫోను తెరిస్తే చాలు, "రోజుకి ఇరవై నిమిషాలు, ఆరు నెలల్లో రెండంగుళాలు, జీవితాంతం నిలబడుద్ది" అని ఎవడో ఒకడు చెబుతుంటాడు. నూనె అమ్మేవాడి కంటే ఈ వ్యాయామం అమ్మేవాడిని మనోళ్ళు తొందరగా నమ్ముతారు. ఎందుకంటే మనం కష్టం చేసేవాళ్ళం. మాత్ర మింగితే పెరుగుద్దంటే అనుమానం వస్తుంది గానీ, కష్టపడితే పెరుగుద్దంటే న్యాయంగానే అనిపిస్తుంది.

అక్కడే ఉంది తిరకాసు. బస్తాలు మోసేవాడి భుజం గట్టిపడుతుంది, ఎందుకంటే అది కండ. పని పెడితే కండ పెరుగుతుంది. మగ అంగంలో, మనకి కనపడే భాగంలో, అలాంటి కండ లేదు. లోపల స్పాంజి లాంటి రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయి. వాటి చుట్టూ గట్టి పొర ఉంటుంది. ఆ స్పాంజిలోకి రక్తం నిండితే గట్టిపడుతుంది, రక్తం వెనక్కి పోతే మెత్తబడుతుంది. మోటారుకి తగిలించే గుడ్డ పైపు చూడండి. నీళ్ళు లేనప్పుడు గట్టు మీద చదునుగా పడుంటుంది, నీళ్ళొస్తే బిగుసుకుంటుంది. ఆ పైపుని రోజూ ఇరవై నిమిషాలు పిసికితే పొడవు పెరుగుద్దా? పెరగదు. ఎక్కడో ఒకచోట నేత చిట్లుద్ది.

ఫోన్లో చూపించేది దాదాపు అదే. జెల్కింగ్ అంటారు దాన్ని. సగం గట్టిపడినప్పుడు రెండు వేళ్ళతో బిగించి, మొదలు నుంచి చివరి దాకా గేదె పొదుగు పితికినట్టు పితకడం. దీనివల్ల పొడవు గానీ లావు గానీ శాశ్వతంగా పెరిగిందని నమ్మదగ్గ పరీక్ష ఒక్కటీ లేదు. దెబ్బ తగిలి డాక్టర్ల దగ్గరికి వచ్చినవాళ్ళు మాత్రం ఉన్నారు. కమిలిపోవడం, నరం ఉబ్బడం, తిమ్మిరి, లోపలి పొర చిట్లి అక్కడ మచ్చ కట్టడం. ఆ మచ్చ ఉన్న వైపుకి అంగం వంగిపోతుంది. దాన్ని పెయిరోనీ జబ్బు అంటారు. పెంచుకుందామని పోతే ఉన్నది వంకర తిరుగుద్ది, కొందరికి పొడవు కూడా తగ్గుద్ది.

మరి "నాకు పెరిగింది" అని చెప్పేవాళ్ళందరూ అబద్ధాలకోర్లా? అందరూ కాదు. పితికాక కాసేపు వాపు ఉంటుంది, దాన్ని పెరుగుదల అనుకుంటారు. గంటల్లో వాపు దిగిపోతుంది, మళ్ళీ రేపు పితుకుతారు. ఇంకోటి కొలత. స్కేలు పై చర్మం మీద ఆనిస్తే ఒక లెక్క, బొడ్డు కింద ఎముక దాకా నొక్కిపెడితే ఇంకో లెక్క. చలిలో ఒకటి, ఎండలో ఒకటి. మొదటి రోజు భయపడుతూ కొలుస్తాడు, మూడో నెల ఆశగా కొలుస్తాడు. తూకం రాయి మారిస్తే క్వింటాకి నాలుగు కిలోలు ఎలా తేడా వస్తుందో మనకి ఒకరు చెప్పాలా!

నాకు తెలిసిన ఒక కుర్రాడు ఉన్నాడు. ఊరూ పేరూ వద్దు. మంచి కష్టజీవి. తండ్రి పోయినేడు సంబంధం ఖాయం చేశాడు. పెళ్ళికి నాలుగు నెలల ముందు ఫోన్లో చూసి ఒక కోర్సు కొన్నాడు. వీడియోలు, నూనె, గాలి పీల్చే పంపు, అన్నీ కలిపి పద్నాలుగు వేల అయిదొందలు. పురుగు మందుల కొట్టుకి కట్టాల్సిన డబ్బులు అవి. ఒకరోజు మోటారు షెడ్డు దగ్గరికి వచ్చి చాలాసేపు మోటారు గురించే మాట్లాడాడు. వెళ్ళబోతూ తల దించుకుని, "బాబాయ్, నువ్వు గుంటూరులో డాక్టరు దగ్గరికి పోతంటావు కదా, మగాళ్ళ జబ్బులు చూసేవాళ్ళు ఎవరన్నా తెలుసా?" అన్నాడు. "ఏంట్రా, ఏమయింది?" అంటే చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. లోపల కందిగింజంత గట్టిగా తగులుతోందంట. గట్టిపడినప్పుడు నొప్పి, ఎడమ పక్కకి వంపు.

తీసుకెళ్ళాను. యూరాలజీ డాక్టరు చూసి స్కానింగు తీయించి, పొర మీద మచ్చ కడుతోందన్నారు. పితకడం, పంపు అన్నీ ఆపేయమన్నారు. నొప్పికి మందులిచ్చి నెలకోసారి రమ్మన్నారు. పెళ్ళి వెనక్కి జరిపారు. ఇంట్లో ముహూర్తం కుదరలేదని చెప్పుకున్నారు. ఇప్పుడు నొప్పి పోయింది, వంపు కొంచెం ఉంది, పెరగడం మాత్రం ఆగింది. సంసారానికి అడ్డం కాదని డాక్టరు ధైర్యం చెప్పారు.

నన్ను బాధపెట్టింది ఆ వంపు కంటే ఇంకో మాట. ఆ డాక్టరు మొదటి రోజే కొలిచి, "నీకు ముందు నుంచీ ఏ లోటూ లేదయ్యా" అన్నారు. అసలు లేని జబ్బుకి మందు కొట్టి చేను మాడ్చుకున్నట్టయింది. వాడొక్కడే కాదు. ఇటలీలో 2002లో ఒక పరిశీలన అచ్చయింది. మాది చిన్నది అని డాక్టర్ల దగ్గరికి వచ్చిన 67 మందిని కొలిస్తే, వైద్యం లెక్కలో నిజంగా చిన్నది అనదగ్గది ఒక్కరికీ లేదు. చాలామందికి ఆ అనుమానం చిన్నతనంలో తోటి పిల్లల్ని చూసి పట్టుకుంది. ఇప్పుడైతే ఫోన్లో చూసే బొమ్మలు ఉండనే ఉన్నాయి. ఏరి కోరి తెచ్చిన మనుషుల్ని ఏరి కోరి తీసిన కోణంలో చూపిస్తారు. మార్కెట్ యార్డులో బస్తా మూతి దగ్గర పైన పోసే కాయలు చూసి లోపలంతా అదే అనుకుంటామా?

అసలు లెక్క ఎంతో కూడా చెబుతాను, దీనికోసం ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. లండన్ డాక్టర్లు 2015లో చాలా దేశాల కొలతలు ఒకచోట చేర్చారు. మొత్తం 15 వేల మంది పైచిలుకు మగాళ్ళు. వాళ్ళు నోటితో చెప్పినవి కాదు, వైద్య సిబ్బంది కొలిచినవి. గట్టిపడినప్పుడు సగటు పొడవు 13.12 సెంటీమీటర్లు, అంటే అయిదంగుళాల పైన కొంచెం. మెత్తగా ఉన్నప్పుడు 9.16 సెంటీమీటర్లు. దానికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉన్నవాళ్ళు బోలెడంత మంది. పిల్లలు పుట్టడానికీ ఈ కొలతకీ సంబంధం లేదు. మెత్తగా ఉన్నప్పుడు చిన్నగా కనపడేది గట్టిపడేసరికి ఎక్కువ సాగుద్ది, పెద్దగా కనపడేది తక్కువ సాగుద్ది, ఇది కూడా డాక్టర్లు చూసిందే. కాబట్టి కాలవ దగ్గర స్నానం చేసేటప్పుడు పక్కవాడిని చూసి బెంగపడేవాళ్ళు ఆ బెంగ అక్కడే వదిలేయొచ్చు.

పొడవు అసలు ఏ దారిలోనూ పెరగదా అని కొందరు అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నా. లాగి పట్టే పరికరం ఒకటి ఉంది. దాని మీద డాక్టర్ల పరీక్షలు జరిగాయి. 2009లో అచ్చయిన ఒక చిన్న పరీక్షలో రోజుకి కనీసం నాలుగు గంటల చొప్పున ఆరు నెలలు తొడిగించారు. సాగదీసి కొలిస్తే సుమారు 1.7 సెంటీమీటర్లు వచ్చింది. లావు పెరగలేదు. ఆ పరీక్షలో ఉన్నది పట్టుమని పాతికమంది కూడా కాదు, కొందరు మధ్యలోనే మానుకున్నారు. ఎక్కువగా దాన్ని వాడేది పెయిరోనీ లాంటి జబ్బులకి, డాక్టరు చూస్తుండగా. రోజుకి నాలుగు గంటలు అది తగిలించుకుని ట్రాక్టరు తోలేవాడిని నేనైతే ఊహించుకోలేను. గాలి పీల్చే పంపు మాటకొస్తే, ఆరు నెలలు వాడించి చూసిన పరీక్షలో పొడవు లెక్కలోకి వచ్చేంత పెరగలేదు. గట్టిపడనివాళ్ళకి ఆ పూటకి సాయం చేసే పరికరంగా డాక్టర్లు దాన్ని రాస్తారు, అది వేరే పని.

పొట్ట తగ్గితే మాత్రం తేడా కనపడుద్ది. పొత్తికడుపు కొవ్వులో మొదలు పూడిపోయి ఉంటుంది. బరువు తగ్గితే పూడింది బయటికి వస్తుంది. కొత్తగా పెరిగేదేం లేదు, మట్టి తీస్తే గట్టు కనపడ్డట్టు. ఖర్చు లేనిది ఇదొక్కటే.

ఇక నా సంగతి. నాకు నలభై తొమ్మిది. ఆరేళ్ళ నుంచి షుగరు ఉంది. రెండేళ్ళ కిందట గట్టితనం తగ్గుతోందని అర్థమయింది. ఒకసారి ఉండేది, ఒకసారి ఉండేది కాదు. నేను షుగరు డాక్టరుకే చెప్పాను. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు, వెంటనే రక్త పరీక్ష రాశారు. మూడు నెలల షుగరు సగటు 9.1 ఉంది. అప్పుడాయన చెప్పిన మాట మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. అంగానికి రక్తం తెచ్చే గొట్టాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటాయి. గుండె గొట్టాలు మూడు నాలుగు మిల్లీమీటర్లు. షుగరు, బీపీ, పొగాకు వల్ల గొట్టాలు పాడైతే సన్నగొట్టం ముందు మూసుకుంటుంది. డ్రిప్పులో సన్న పైపులే ముందు పూడతాయి, మెయిన్ పైపు తర్వాత. అందుకే గట్టితనం తగ్గడం చాలామందిలో గుండె జబ్బు కంటే కొన్నేళ్ళ ముందు వచ్చే కబురు. అది విని చుట్ట మానేసిన మా పెదనాన్న కొడుకు ఉన్నాడు, ముప్పై ఏళ్ళు పెళ్ళాం మొత్తుకున్నా మానలేదు.

మాత్రలు మార్చారు, నడవమన్నారు, ఫిజియోథెరపీ ఆమె దగ్గరికి పంపారు. అక్కడ నేర్చుకున్నదే అసలైన మగాళ్ళ వ్యాయామం. దీన్ని కెగెల్ వ్యాయామం అంటారు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో కాన్పులైన ఆడవాళ్ళ కోసం రాసింది. తర్వాత మగాళ్ళకీ పనికొస్తుందని తెలిసింది.

ఇందాక కనపడే భాగంలో కండ లేదన్నాను. లోపల, మొదలు దగ్గర ఉంది. గట్టిపడినప్పుడు ఆ కండలు బిగిసి రక్తాన్ని వెనక్కి పోనీయకుండా పట్టుకుంటాయి. బోరులో ఫుట్ వాల్వు లాంటివి అనుకోండి. వాల్వు అరిగితే మోటారు తిరుగుతుంది, నీళ్ళు ఎక్కుతాయి, నిలబడవు. ఈ వ్యాయామం ఆ వాల్వుకి. పైపు పొడవుకి కాదు.

చేసే తీరు ఇది. గ్యాసు ఆపుకునేటప్పుడు, మూత్రం మధ్యలో ఆపేటప్పుడు లోపలికి ఒకటి లాక్కుంటాం చూడండి, అదే ఆ కండ. దాన్ని లోపలికి, పైకి లాగి అయిదు లెక్క పెట్టేదాకా పట్టాలి, మళ్ళీ అయిదు లెక్క పెట్టేదాకా పూర్తిగా వదలాలి. అలా పదిసార్లు. రోజుకి మూడు పూటలు. పొట్ట బిగించకూడదు, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. పట్టడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం, మనోళ్ళు తొందరలో వదలడం మర్చిపోతారు. కండ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకసారి మూత్రం ఆపి చూడొచ్చు గానీ, రోజూ మూత్రం పోస్తూ చేయకూడదు. పొత్తికడుపులోనో వృషణాల కిందో నొప్పి వస్తే ఆపేసి డాక్టరుని అడగాలి. కొందరికి ఆ కండ ముందే బిగుసుకుపోయి ఉంటుంది, వాళ్ళకి ఇది పడదు. నేను పొద్దున పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడి ఒకసారి, మధ్యాహ్నం మంచం మీద ఒకసారి, రాత్రి ఒకసారి చేసేవాణ్ణి. ఎవరికీ తెలియదు కూడా.

మోటారు గంటలు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీలో రాసుకున్నాను. మొదటి నెల ఏమీ లేదు. రెండో నెల కూడా లేదు, వదిలేద్దామనిపించింది. మూడో నెల చివర్లో మూత్రం అయిపోయాక చుక్కలు పడటం ఆగింది, అది ముందు కనపడ్డ తేడా. నాలుగు, అయిదు నెలలకి గట్టితనం నిలబడటం మెరుగైంది. ఆరో నెలకి పదిసార్లలో ఏడు సార్లు బాగుంటోంది. పాతికేళ్ళ వయసు తిరిగి రాలేదు, వస్తుందని ఆమె కూడా చెప్పలేదు. పొడవు నూలుపోగంత కూడా మారలేదు. షుగరు సగటు 7.2కి దిగింది, బరువు ఆరు కిలోలు తగ్గింది. ఇందులో మాత్రల వాటా ఎంత, నడక వాటా ఎంత, వ్యాయామం వాటా ఎంత అంటే నేను చెప్పలేను. ఒకే మడికి మూడు మందులు కొట్టి ఏది పనిచేసిందని అడిగినట్టే. పోయిన పత్తి తీతల్లో నెలన్నర వ్యాయామం మానేస్తే మళ్ళీ కొంచెం తగ్గింది. మళ్ళీ మొదలుపెట్టాను. అంటే ఒకసారి నాటి వదిలేసే చెట్టు కాదు ఇది, ఏటా దున్నాల్సిన చేను.

నా ఒక్కడి మాట నమ్మక్కర్లేదు. ఇంగ్లండులో 2005లో అచ్చయిన పరీక్షలో గట్టితనం సమస్య ఉన్న 55 మందికి ఇదే నేర్పించారు. ఆరు నెలలకి నూటికి 40 మందికి మామూలుగా అయింది. ఇంకో 35 మందికి కొంత మెరుగైంది. మిగిలిన పాతిక మందికి ఏమీ కాలేదు. త్వరగా అయిపోయే బాధ ఉన్న 40 మందితో ఇటలీలో 2014లో చూస్తే, పన్నెండు వారాలకి 33 మందికి అదుపు వచ్చింది. అవి చిన్న పరీక్షలే, ఫిజియోథెరపీ వాళ్ళు దగ్గరుండి నేర్పినవి. ఫోన్లో చూసి చేస్తే అంత రాకపోవచ్చు. అయినా మనం వేసే ఏ పంటకి నూటికి 75 పాళ్ళు కుదురుద్దని ఎవరన్నా హామీ ఇచ్చారా? పాతిక మందికి ఏమీ కాలేదన్న మాట కూడా గట్టిగా చెబుతున్నా. ఆరు నెలలు సరిగ్గా చేసీ రాకపోతే అది మీ చేతగానితనం కాదు, రక్తం గొట్టాలో, నరాలో, మనసులో దిగులో వేరే కారణం ఉండొచ్చు, దానికి వేరే వైద్యం ఉంది.

మాత్రల సంగతి ఒక్కటి. "అంతా మూలికలే" అని అమ్మే పొడుల్లో, మాత్రల్లో సిల్డెనాఫిల్ అనే ఇంగ్లీషు మందు కలిపి దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. డాక్టరు రాస్తే అది మంచి మందే. గుండె నొప్పికి నాలుక కింద సార్బిట్రేటు పెట్టుకునేవాళ్ళు దాన్ని తెలియకుండా మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణమే పోవచ్చు. మన ఊళ్ళల్లో సార్బిట్రేటు జేబులో పెట్టుకు తిరిగే పెద్దోళ్ళు ఎంతమందో మీకు తెలుసు. సంసార శక్తి పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో 1954 చట్టం ప్రకారమే నేరం. అయినా గోడలు ఆగలేదు, ఫోన్లు ఆగుతాయా!

ఇంట్లో ఆడవాళ్ళతో మాట్లాడమని కూడా చెబుతా. మా ఇంటావిడకి చెప్పినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, "షుగరు ఎంతుందంటా?" నేను నెల రోజులుగా పడ్డ దిగులు ఆమె లెక్కలో లేనే లేదు.

డాక్టరు దగ్గర నోరు రాకపోతే చీటీ మీద రాసుకుని వెళ్ళండి. ఎన్నాళ్ళ నుంచి, తెల్లవారుజామున లేచేటప్పుడు గట్టిగా ఉంటోందా లేదా, వాడే మాత్రలు, చుట్ట, సిగరెట్టు, మందు అలవాట్లు. తెల్లవారుజామున బాగుండి రాత్రి మాత్రమే రాకపోతే చాలామందిలో అది మనసు దిగులు, రెండు పూటలా తగ్గితే రక్తం గొట్టాల వైపు చూస్తారు. అందుకే ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. షుగరు, బీపీ, కొలెస్ట్రాలు పరీక్షలు చేయించుకోండి. నేను తీసుకెళ్ళిన కుర్రాడికి కూడా అవన్నీ రాశారు, ఇరవై ఆరేళ్ళకి బీపీ 150 ఉంది. వాడికిప్పుడు దాని మాత్ర నడుస్తోంది, ముహూర్తం మాఘంలో చూస్తున్నారు.